డేగల్ని లెక్కపెట్టిన కొండ

ఒకాయన రోజంతా కొండమీద బండరాయిపై కూర్చుని, ఆకాశంలో పోయే డేగల్ని లెక్కపెడుతున్నాడు. పనీపాటా లేదా అనిపిస్తుంది కదా? కానీ ఆ లెక్కే తర్వాత ఒక విషం గుట్టు విప్పడానికి పనికొచ్చింది. ఆ కథే ఇవాళ చెప్పుకుందాం.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో కిట్టటిన్నీ అనే పొడవాటి కొండల వరుస ఉంది. చలికాలం రాకముందే డేగలు, గద్దలు దాని వెంబడే దక్షిణానికి వలసపోతాయి. ఎందుకంటే గాలి కొండకు తగిలి పైకి లేస్తుంది. దానిమీద పెద్దగా రెక్కలాడించకుండానే తేలిపోవచ్చు.

ఈ సంగతి వేటగాళ్లకీ తెలుసు. కోళ్లని ఎత్తుకుపోతాయని అప్పట్లో డేగలంటే మంట. 1929లో గోషాక్ అనే డేగని చంపితే 5 డాలర్లిస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. 1932లో రిచర్డ్ పో అనే యువకుడు అక్కడ చచ్చిపడున్న డేగల్ని వరుసగా పేర్చి ఫొటోలు తీశాడు. ఆ సంగతి తెలిసి న్యూయార్క్‌లో ఉండే రోజలీ ఎడ్జ్ ఊరుకోలేదు. 1934లో ఆ కొండమీద సుమారు 1,400 ఎకరాలు లీజుకి తీసుకుని, మారిస్ బ్రౌన్‌ని కాపలా పెట్టారు. తుపాకులు ఆగాయి, లెక్క మొదలైంది. హాక్ మౌంటెన్ అంటే అదే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. బాల్డ్ ఈగల్‌కి తల, తోక పూర్తిగా తెల్లబడ్డానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. కాబట్టి ఎగురుతున్నది పిల్లదా, పెద్దదా అని చూసి చెప్పొచ్చు. 1935-39లో కనిపించిన ఈ గద్దల్లో 40 శాతం పిల్లవే. 1955-59కి అది 20 శాతానికి పడిపోయింది. 1957లోనైతే 32 పెద్దవాటికి ఒక్కటే పిల్ల! అంటే పెద్దవి బతికే ఉన్నాయి, పిల్లలే రావట్లేదు.

ఈ అంకెల్నే రేచల్ కార్సన్ 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలో డీడీటీకి వ్యతిరేకంగా చూపించారు. డీడీటీ వల్ల గుడ్డు పెంకు పల్చబడి పగిలిపోతోందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. 1972లో అమెరికా డీడీటీ వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. 2007కల్లా బాల్డ్ ఈగల్ అక్కడి ప్రమాదపు జాబితాలోంచి బయటికొచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. 1935లో బ్రౌన్ లెక్క రాస్తున్నప్పుడు డీడీటీని ఎవరూ పురుగుమందుగా వాడట్లేదు. ఈ నోటుబుక్కు దేనికి పనికొస్తుందో ఆయనకే తెలీదు. కానీ ఆ పాత అంకెలు లేకపోతే పిల్లలు తగ్గాయని నిరూపించేదెలా? వెనక్కెళ్లి లెక్కపెట్టలేం కదా.

ఇప్పటికీ ఏటా ఆ కొండమీద లెక్క జరుగుతూనే ఉంది.