మౌంటెన్ బైకింగ్: చేతికి గ్లవ్స్ ఎందుకు, ఎలాంటివి కొనాలి?

వారాంతాల్లో కొండదారుల్లో సైకిల్ తొక్కే మనవాళ్ళు ఇప్పుడు అమెరికాలో చాలా ఊళ్ళలో కనిపిస్తున్నారు. బే ఏరియా వాళ్ళకి మెరీన్, శాంతా క్రూజ్ కొండలు దగ్గర. ఫీనిక్స్ వాళ్ళకి సౌత్ మౌంటెన్ ఊళ్ళోనే ఉంది. వాల్ మార్ట్ ఉద్యోగాల పుణ్యమా అని ఆర్కన్సాలోని బెంటన్ విల్ చేరిన సాఫ్ట్ వేర్ కుటుంబాలకైతే స్లాటర్ పెన్, కోలర్ ట్రెయిల్స్ ఇంటి పెరట్లో ఉన్నట్టే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు సైకిల్ కి వెయ్యి, రెండు వేల డాలర్లు వెనకాడకుండా పెడతారు. హెల్మెట్ గురించి నాలుగు చోట్ల వాకబు చేస్తారు. గ్లవ్స్ మాట ఎత్తితే మాత్రం "ఇప్పుడు చలి లేదు కదండీ" అంటారు. ఎమ్మెస్ చదివే రోజుల్లో పట్టుకున్న ఈ సరదా నన్ను ఉద్యోగంలో చేరాక కూడా వదల్లేదు. మాతో కొత్తగా రైడ్ కి వచ్చే మిత్రులు అడిగే ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి, జవాబులన్నీ ఒకచోట పెడదామని ఈ వ్యాసం.

ముందు నేలకి తగిలేది అరచెయ్యే

పడబోతున్నప్పుడు ఎవరైనా సరే ఆలోచించకుండానే చేతులు ముందుకి చాపుతారు. ఇది ఎంత మామూలంటే, ఇక్కడి ఎమర్జెన్సీ డాక్టర్లు దీనికి 'ఫూష్' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. చాచిన చేతి మీద పడటం అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. రోడ్డు మీద కన్నా ట్రెయిల్ మీద పడటం ఎక్కువ. వేళ్ళు, రాళ్ళు, వదులు మట్టి, ఇరుకు మలుపులు ఉన్నచోట నెమ్మదిగా వెళ్తూ కూడా పడతాం. యూటాలోని మోయాబ్ స్లిక్ రాక్ ట్రెయిల్ పేరుకే నున్నని రాయి. ఆ ఇసుకరాయి మీద చెయ్యి జారితే గరుకు కాయితంతో రుద్దినట్టే ఉంటుంది.

అరచేతి చర్మం మందమే గానీ, దానికింద నరాలు చాలా ఎక్కువ. పైగా చెయ్యి ముడిచి తెరిచినప్పుడల్లా పుండు సాగుతుంది కాబట్టి తొందరగా మానదు. మా బృందంలో ఒకాయన ఒక చిన్న మలుపులో జారి రెండు అరచేతులూ గీరుకున్నారు. కుట్లు పడలేదు, ఎముక విరగలేదు. కానీ వారం రోజులు కీబోర్డు ముట్టలేకపోయారు. అన్నం చెంచాతో తిన్నారు, చంటిపాపకి డైపర్ మార్చే పని పూర్తిగా వాళ్ళావిడ మీద పడింది. చేతివేళ్ళతో బతికే మనకి ఇది చిన్న దెబ్బ కాదు. పాతిక డాలర్ల గ్లవ్స్ ఉంటే ఆ రాపిడి చాలావరకు బట్ట మీదే పోయేది.

మిగతా లాభాలు

చెమట: చేతులు చెమర్చితే హ్యాండిల్ బార్ మీద పట్టు జారుతుంది. గ్లవ్ తడిని పీల్చి పట్టు నిలుపుతుంది. చాలా గ్లవ్స్ కి బొటనవేలి వెనక టవల్ లాంటి బట్ట ఉంటుంది, అది కళ్ళలోకి కారే చెమట తుడుచుకోవడానికి.

బొబ్బలు: గంటల తరబడి గ్రిప్ మీద రాపిడికి బొబ్బలు, కాయలు రాకుండా కాపాడుతుంది.

ముళ్ళు, ఆకులు: దారికి రెండువైపులా కొమ్మలు వేళ్ళ కణుపుల్ని కొడుతూ ఉంటాయి. అరిజోనాలో చోయా అనే కాక్టస్ ముళ్ళు అంటుకుంటే పీక్కోవడమే ఒక యజ్ఞం. కాలిఫోర్నియాలో పాయిజన్ ఓక్, మధ్య, తూర్పు రాష్ట్రాల్లో పాయిజన్ ఐవీ ఉంటాయి. మన దురదగొండి తగిలితే అప్పటికప్పుడే తెలుస్తుంది. వీటి ఆకుల్లో ఉండే యురుషియాల్ అనే నూనె మాత్రం మామూలుగా ఒకటి రెండు రోజుల తరవాత గానీ దద్దురుగా బయటపడదు. ఆ నూనె గ్లవ్ మీద కూడా అంటుకుని ఉంటుంది. అందుకని అలాంటి చోట తిరిగాక గ్లవ్ తో మొహం తుడుచుకోకండి. ఇంటికి రాగానే చేతుల్ని, గ్లవ్స్ నీ సబ్బుతో బాగా కడగండి.

గ్లవ్స్ చెయ్యలేనివి

గ్లవ్ చర్మాన్ని కాపాడుతుంది, ఎముకని కాదు. చాచిన చేతి మీద పడితే మణికట్టులో, బొటనవేలి మొదట్లో ఉండే స్కఫాయిడ్ అనే చిన్న ఎముక విరగొచ్చు. ఇది మాయదారి దెబ్బ. వాపు పెద్దగా ఉండకపోవచ్చు, మొదటి రోజు ఎక్స్ రే లో కనిపించకపోవచ్చు. బెణుకేనని వదిలేస్తే, ఆ ఎముకకి రక్తం ఎక్కువగా వేళ్ళ వైపు నుంచే అందుతుంది కాబట్టి, రెండోవైపు ముక్క అతుక్కోకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది. బొటనవేలు పైకెత్తినప్పుడు దాని మొదట్లో పడే గుంట దగ్గర నొక్కితే నొప్పి ఉందంటే డాక్టర్ కి చూపించండి. ఎక్స్ రే బాగానే ఉన్నా, కట్టు వేసి పది, పద్నాలుగు రోజులకి మళ్ళీ తియ్యడమో, ఎమ్మారై చెయ్యడమో మామూలే.

రెండోది తిమ్మిరి. చాలాసేపు తొక్కాక చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారితే అల్నార్ నరం నొక్కుకుంటోందని అర్థం. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు అయితే మీడియన్ నరం. రోజంతా మౌస్ పట్టుకుని కార్పల్ టనెల్ బాధ పడేవాళ్ళకి ఇది తెలిసిన పేరే. మెత్తటి గ్లవ్ కొంత సాయం చెయ్యొచ్చు గానీ, అసలు కారణం చాలాసార్లు సైకిల్ అమరికలో ఉంటుంది. సీటు ముందుకి వాలి ఉండటం, హ్యాండిల్ మరీ దూరంగా ఉండటం, బ్రేక్ లివర్ కోణం వల్ల మణికట్టు వంగిపోవడం, బార్ ని బిగబట్టి పట్టుకోవడం. ముందు వాటిని సరిచూడండి. తిమ్మిరి రోజుల తరబడి తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఎంచుకోవడం ఎలా?

హెల్మెట్లకి అమెరికాలో 1999 నుంచి తప్పనిసరి ప్రభుత్వ ప్రమాణం ఉంది, లోపల సి.పి.ఎస్.సి. ముద్ర చూసి కొంటాం. సైకిల్ గ్లవ్స్ కి అలాంటిదేమీ లేదు. అందుకని మన పరీక్ష మనమే చేసుకోవాలి.

వేళ్ళు: సగం వేళ్ళ గ్లవ్స్ రోడ్డు సైకిల్ కి సరిపోతాయి. ట్రెయిల్ కి నిండు వేళ్ళవే తీసుకోండి. రాయి, ముల్లు అరచేతిని మాత్రమే చూసి తగలవు.

సైజు: బొటనవేలు వదిలేసి, నాలుగు వేళ్ళ మొదళ్ళ చుట్టూ టేపుతో కొలవండి. మధ్యవేలి పొడవు కూడా చూడండి. ఒక్కో కంపెనీ కొలతలు ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాళ్ళ పట్టిక తోనే పోల్చుకోవాలి. వేసుకున్నాక పిడికిలి బిగించి చూడండి. అరచేతిలో బట్ట ముడతలు పడితే పెద్దదైనట్టు, ఆ ముడతే బొబ్బ అవుతుంది. వేళ్ళ మధ్య లాగుతుంటే చిన్నదైనట్టు. వేలి చివర ఖాళీ మిగిలితే బ్రేకు మీద తడబడతారు. వీలైతే దుకాణంలో ఏదైనా సైకిల్ బ్రేకు పట్టుకుని చూసి కొనండి.

అరచేతి మందం: మందంగా ఉంటే మంచిదనుకోవడం సహజం. ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. మెరీన్ కౌంటీలోని ఫెయిర్ ఫాక్స్ దగ్గర 1976 అక్టోబర్ 21న మొదటి రీప్యాక్ పందెం జరిగింది. పాత బరువు సైకిళ్ళు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. కిందికి చేరేసరికి ఆ వేడికి హబ్ లోని గ్రీజు కాలిపోయేది, మళ్ళీ నింపాల్సి వచ్చేది. రీప్యాక్ అన్న పేరు అలా వచ్చిందే. ఇవాళ్టి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఒక్క వేలితో పడతాయి. ఎంత నొక్కుతున్నామో వేలికి తెలియాలి. అరచేతిలో దిండు లాంటి మెత్త ఉంటే ఆ స్పర్శ పోతుంది, గ్రిప్ లావై ముంజేతులు కూడా త్వరగా అలిసిపోతాయి. అందుకే ఎక్కువమందికి పలచటి, ఒకే పొర సింథటిక్ లెదర్ సరిపోతుంది. తిమ్మిరి ఉన్నవాళ్ళు చిటికెన వేలి కింది భాగంలో మాత్రం కొద్దిగా మెత్త ఉన్నవి చూడొచ్చు.

పైభాగం: వేసవికి గాలాడే మెష్ బాగుంటుంది. చెట్ల మధ్య వేగంగా దిగేవాళ్ళకి కణుపుల మీద రక్షణ పొర ఉన్నవి వస్తాయి. డీత్రీఓ అనే పదార్థం మామూలుగా మెత్తగా ఉండి, దెబ్బ తగిలిన క్షణంలో గట్టిపడుతుంది. కార్న్ స్టార్చ్ చిక్కగా నీళ్ళలో కలిపి గుద్ది చూస్తే ఆ సంగతి పిల్లలకీ అర్థమవుతుంది.

చలి, వాన: సియాటిల్ వానకి నీరు ఆపేవి, మిన్నెసోటా చలికి రెండేసి వేళ్ళు కలిసి ఉండేవి విడిగా కొనుక్కోవాలి. అన్ని కాలాలకీ పనికొచ్చే ఒకే జత అంటూ లేదు.

ధర: ఇరవై నుంచి నలభై డాలర్ల మధ్య మంచివే దొరుకుతాయి. అంతకన్నా ఎక్కువ పెడితే వచ్చేది ఎక్కువగా పేరు, రంగు.

వాడకం

చల్లటి నీళ్ళు, కొంచెం సబ్బుతో ఉతికి నీడన ఆరెయ్యండి. డ్రైయర్ లో వేస్తే అరచెయ్యి బిరుసెక్కుతుంది. అరచేతి బట్ట పలచబడి వెలుతురు కనిపిస్తే కొత్తవి కొనే సమయం వచ్చినట్టు. పిల్లలకి మీవి చిన్నవిగా ఉంటాయిలే అని ఇవ్వకండి. వాళ్ళ చేతులకి బ్రేక్ లివరే దూరం, వదులు గ్లవ్ తో అది ఇంకా దూరమవుతుంది.

చివరగా, గ్లవ్స్ ఉన్నా దెబ్బ తగలొచ్చు. ధనుర్వాతం టీకా పెద్దవాళ్ళు కూడా పదేళ్ళకోసారి వేయించుకోవాలి. మట్టి పట్టిన గాయమైతే, ఆఖరి డోసు వేసుకుని అయిదేళ్ళు దాటితే చాలు, మళ్ళీ వేస్తారు. మనలో చాలామందికి ఆఖరి డోసు ఎప్పుడు వేయించుకున్నామో గుర్తుండదు. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు అడిగి, ఆ తేదీ ఫోన్ లో రాసిపెట్టుకోండి.