సంత ఎత్తేశాక

2018 ఆగస్టు 14న మన దేశంలో ఒక సంత ఎత్తేశారు. దండోరా లేదు. డేరాలు విప్పిన చప్పుడు లేదు. ఈబే డాట్ ఇన్‌లో ఇక కొనడం, అమ్మడం ఉండవని జులైలోనే చెప్పారు. చెప్పిన రోజుకు ఆగిపోయాయి. బోణీ బేరం తగిలిందేమోనని పొద్దున్నే కంప్యూటర్ తెరిచి చూసుకునే చిన్న వర్తకులకు మర్నాటి నుంచి చూసుకోవడానికి ఏమీ లేకుండా పోయింది.

ముగింపు ముందే చెప్పేశాను కాబట్టి ఈ కథలో ఉత్కంఠ లేదు. ఉన్నదల్లా దిగులే. ప్రతి మలుపులోనూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే ఏమయ్యేదో అనిపించే దిగులు.

2000లో అవనీష్ బజాజ్, సువీర్ సుజన్ అనే ఇద్దరు స్నేహితులు, హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో కలిసి చదువుకున్నవాళ్లు, ముంబైలో బాజీ డాట్ కామ్ తెరిచారు. వేలంపాటల అంగడి అది. ఫోన్ తీగలోంచి మోడెం కీచుమని అరిస్తే తప్ప ఇంటర్నెట్ రాని కాలం. గంటకింతని డబ్బు కట్టి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చునే కాలం. ముఖం తెలియని మనిషికి డబ్బు పంపి, వస్తువు కోసం గుమ్మంలో ఎదురుచూడమని ఈ దేశానికి నేర్పబోయారు వాళ్లు. నాలుగేళ్లకు అమెరికా నుంచి ఈబే వచ్చి, దాదాపు 5 కోట్ల డాలర్లకు ఆ అంగడిని కొనుక్కుంది. 1995లో పియరీ ఒమిడ్యార్ మొదలుపెట్టిన సంస్థ అది. తొలినాళ్లలో అక్కడ అమ్ముడైన వస్తువు ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. విరిగిన వస్తువు కోసం కూడా ఎక్కడో ఒక మనిషి వెతుకుతుంటాడన్నది ఆ సంస్థకు పుట్టుకతోనే తెలిసిన రహస్యం.

ఈబే బాజీని కొన్న ఏడాది డిసెంబరులోనే మొదటి దెబ్బ తగిలింది. ఎవరో ఒక అశ్లీల వీడియోను బాజీలో అమ్మకానికి పెట్టారు. పెట్టిన మనిషితో ఆగకుండా ఢిల్లీ పోలీసులు సంస్థ అధిపతి బజాజ్‌నూ అరెస్టు చేశారు. సంతలో ఎవడో చెడ్డ సరుకు పరిస్తే సంత యజమాని జైలుకు పోవాలా అన్న ప్రశ్న దేశంలో అప్పుడే గట్టిగా వినిపించింది. 2008లో ఐటీ చట్టాన్ని సవరించి మధ్యవర్తులకు రక్షణ విస్తరించారు. బజాజ్ మీది కేసును సుప్రీంకోర్టు 2012లో కొట్టేసింది. తర్వాత వచ్చిన పెద్ద అంగళ్లన్నీ ఆ చట్టం నీడలోనే పెరిగాయి. దెబ్బ తిన్నది ఒకరు, నీడ దక్కింది మరొకరికి.

బాజీ పేరు పోయి ఈబే పేరు వచ్చింది. సంత నిండింది. జైపూర్ రాళ్ల వర్తకులు వచ్చారు. అట్టపెట్టెల్లో తపాలా బిళ్లలు దాచుకున్నవాళ్లు, పాత కెమెరాలు బాగుచేసేవాళ్లు, నాణేల పిచ్చి ఉన్నవాళ్లు వచ్చారు. హైదరాబాద్ సంస్థానపు నాణెం సంగతే చూడండి. మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ బొమ్మతో ముద్రించినవాటిని దగ్గరగా పెట్టి చూస్తే, ఆ చార్మినార్ వాకిట్లో చిన్న అక్షరం కనిపిస్తుంది: మీమ్. ఆయన తర్వాత ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల మీద అదే వాకిట్లో ఐన్ ఉంటుంది. మామూలు కంటికి రెండూ ఒకటే. సేకరించేవాడికి ఆ అక్షరమే ప్రాణం. వీధి దుకాణంలో పెడితే అలాంటి నాణేనికి అడిగేవాడు రావడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈ సంతలో మాత్రం అడిగేవాడు ఏ కోల్‌కతాలోనో, ఏ కోయంబత్తూరులోనో ఆ రాత్రే మేలుకొని ఉండేవాడు.

ఆ అమ్మకంలో ఒక నేర్పు ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే మనసు చివుక్కుమనేది దానికోసమే. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, రెండు వైపులా ఫొటో తీయాలి. పక్కన స్కేలు పెట్టాలి. అంచున గీత ఉంటే దాచకూడదు, మొదటి వాక్యంలోనే చెప్పాలి. లోపం ముందే చెప్పిన సరుకు మీద తగువు పెట్టుకునేవాడు తక్కువ. పోస్టు ఖర్చు విడిగా రాయాలి. వందేళ్లు దాటిన నాణేన్ని విదేశానికి పంపకూడదని, అది 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుందని తెలిసి ఉండాలి. కొన్నవాడు కట్టిన డబ్బు ఈబే చెల్లింపు ఏర్పాటైన పైసాపేలో ఆగి ఉండేది. సరుకు చేరాకే అమ్మినవాడికి వచ్చేది. ఈలోగా స్పీడ్ పోస్టు రసీదు జాగ్రత్తగా దాచుకోవాలి, ఎందుకంటే ఆ కాగితం ముక్కే సాక్షి. ఇవన్నీ ఎవరూ తరగతి పెట్టి నేర్పలేదు. ఒక్కొక్క పార్సిల్ పోగొట్టుకుని, ఒక్కొక్క తిట్టు తిని నేర్చుకున్నారు.

అలా నేర్చుకున్నందుకు దక్కిన ఫలం, పేరు పక్కన ఒక నక్షత్రం. పదిమంది మెచ్చితే పసుపు. యాభైకి నీలం. వందకు నెమలిమెడ రంగు. ఐదు వందలకు ఊదా. వెయ్యికి ఎరుపు. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ, ఎర్ర నక్షత్రం వెనుక వెయ్యి పార్సిళ్ల కట్టుదారం ఉంది. అర్ధరాత్రి రాసిన జవాబులున్నాయి. నష్టానికి ఓర్చి తిప్పి ఇచ్చిన డబ్బుంది. బ్యాంకు అప్పివ్వని మనిషికి, ఊళ్లో పరపతి లేని మనిషికి అదే పరపతి.

ఇక చేజారిన అవకాశాలు.

మొదటిది చైనాలో జారింది. భారతదేశానికి రాకముందే, 2003లో, ఈబే చైనాలో ఈచ్‌నెట్ అనే అంగడిని పూర్తిగా కొనేసింది. అదే ఏడాది అలీబాబా సంస్థ టావోబావో తెరిచింది. అక్కడ అమ్మేవాళ్ల నుంచి రుసుము తీసుకోలేదు. కొనేవాడూ అమ్మేవాడూ అక్కడికక్కడే మాట్లాడుకుని బేరమాడుకునే వీలు పెట్టింది. బేరం లేకుండా కొనడం మన ఆసియా వాళ్లకు ఎక్కడ అలవాటు? ఈబే మాత్రం రుసుములు వదలలేదు. పైగా చైనా అంగడిని ఎత్తి తన అమెరికా యంత్రం మీద కూర్చోబెట్టింది. మూడేళ్లు దాటాక, 2006 చివరికి, దాన్ని మరో సంస్థ చేతిలో పెట్టి తప్పుకుంది. స్థానికుల అలవాటుకు తలవంచని అంగడి ఎంత పెద్దదైనా నిలవదని ఆ రోజే తెలిసిపోయింది. భారతదేశంలో అప్పటికి పెద్ద పోటీ ఇంకా లేదు. ఆ ఒక్క సంవత్సరాన్ని తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది. చేతిలో పాఠం ఉంది, ముందు ఖాళీ మైదానం ఉంది, సమయం ఉంది.

2007లో బెంగళూరులో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ ఫ్లిప్‌కార్ట్ పెట్టారు. వాళ్లు అమ్మిన తొలి పుస్తకం కొన్నది మన మహబూబ్‌నగర్ వాసి. మహబూబ్‌నగర్‌లో కూర్చున్న మనిషికి తనకు కావలసిన పుస్తకం దొరకలేదన్న చిన్న విషయంలోనే వచ్చే పదేళ్ల వ్యాపారమంతా దాగి ఉంది. 2010లో ఫ్లిప్‌కార్ట్ ఇంకో మెట్టు ఎక్కింది: వస్తువు గుమ్మంలోకి వచ్చాకే డబ్బు. క్రెడిట్ కార్డు లేని ఇల్లాలికి, ఆన్‌లైన్ అంటే భయపడే పెద్దాయనకు ఆ ఒక్క మాటతో తలుపు తెరుచుకుంది. ఈబే సంత మాత్రం పుట్టుక నుంచీ ముందు డబ్బు, తర్వాత సరుకు అన్న పద్ధతి మీద నిలబడింది. పైసాపే నమ్మకాన్ని కాపాడేదే, కాదనలేం. కానీ మన జనానికి నమ్మకమంటే చేత్తో తాకి చూసిన సరుకు.

2013 జూన్‌లో అమెజాన్ వచ్చింది. వస్తూనే గోదాములు కట్టింది. వర్తకుడు సరుకు తెచ్చి అక్కడ పెడితే చాలు, ప్యాకింగు, రవాణా, వెనక్కి వచ్చిన సరుకు లెక్క, అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఈబేలో పార్సిల్ కట్టేది వర్తకుడి ఇంటివాళ్లే, గోదామంటే మంచం కిందే. కొనేవాడికి రెండు రోజుల్లో సరుకు అందడం అలవాటయ్యాక, అయిదో రోజున వచ్చే పార్సిల్‌ను ఎవరు ఆదరిస్తారు? ఆ ఇంటి ప్యాకింగులో ఎంత ప్రేమ ఉన్నా సరే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది మాత్రం ఇది. అదే 2013లోనూ, మళ్లీ 2014లోనూ, ఈబే తన డబ్బును స్నాప్‌డీల్ అనే పోటీ అంగడిలో పెట్టింది. సొంత సంతలో దీపాలు మసకబారుతుంటే పక్క సంతకు నూనె పోసింది. పెట్టుబడి లెక్కల్లో అది తప్పు కాకపోవచ్చు. కానీ ఆ రోజు నుంచి ఈబే డాట్ ఇన్‌లో సరుకు పరుచుకున్న ప్రతి మనిషీ, తనకు తెలియకుండానే, యజమాని మనసు వేరే చోట ఉన్న ఇంట్లో అద్దెకున్నట్టే.

2017 ఏప్రిల్‌లో ఆ సంగతి బాహాటమైంది. ఈబే ఫ్లిప్‌కార్ట్‌లో 50 కోట్ల డాలర్లు పెట్టి, దానితోపాటు ఈబే డాట్ ఇన్‌నూ వాళ్లకు అప్పగించి, బదులుగా ఫ్లిప్‌కార్ట్‌లో వాటా తీసుకుంది. సంత విడిగానే నడుస్తుందని చెప్పారు. కొన్నాళ్లు నడిచింది కూడా. ఆ జులైలోనే జీఎస్టీ వచ్చింది. ఇలాంటి అంగళ్లలో సరుకు అమ్మాలంటే టర్నోవరు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదన్నారు. నెలకు నాలుగు తపాలా బిళ్లలు అమ్ముకునే మనిషికి అది మోయలేని తూకం. సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవాళ్లకు ఆ నిబంధన సడలించింది 2023 అక్టోబరులో. అప్పటికి ఈ సంత లేదు.

2018 మేలో వాల్‌మార్ట్ వచ్చి, 1,600 కోట్ల డాలర్లకు ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం కొంటున్నట్టు ప్రకటించింది. ఈబే తన వాటాను దాదాపు 110 కోట్ల డాలర్లకు అమ్ముకుని తప్పుకుంది. ఏడాదిలో ఇంత లాభం తెచ్చిన బేరాన్ని పరాజయమని ఎవరూ అనరు. ఆ తర్వాతే సంత ఎత్తివేత కబురు వచ్చింది. వాడిన ఫోన్లను బాగుచేసి అమ్మే మరో అంగడిని ఫ్లిప్‌కార్ట్ సంత ఆగిన ఆగస్టులోనే తెరిచింది.

కంపెనీ గెలిచింది, సంత పోయింది. ఈ రెండూ ఒకే ఏడాదిలో జరిగాయి. విదేశాలకు అమ్మేవాళ్లకు ఈబే ప్రపంచ అంగడి మిగిలింది. జైపూర్ రాళ్ల వర్తకుడు బతికిపోయాడు. మన వాళ్లకే అమ్ముకునే మనిషి మాత్రం వేరే అంగడికి వెళ్లి మొదటి నుంచి మొదలుపెట్టాలి. అక్కడ ఎర్ర నక్షత్రం చెల్లదు. పదేళ్ల మంచి పేరు ఉన్నవాడూ నిన్న వచ్చినవాడూ ఒకే వరుసలో నిలబడాలి. ఆ వరుసలో నిలబడడానికి ఓపిక లేక వ్యాపారం మానుకున్నవాళ్ల కోసం కాస్త దుఃఖించడం మనకు న్యాయం. వాళ్ల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు.

ఇప్పుడు మీరు ఏదో ఒక ఆన్‌లైన్ అంగడిలో గద్వాల చీరలో, కొండపల్లి బొమ్మలో, మొబైల్ కవర్లో అమ్ముతుంటే, వాళ్ల పేరు మీద మీకో విన్నపం. నమ్మకంగా నడుస్తున్న రోజుల్లోనే రెండో అంగడిలో కూడా ఖాతా తెరిచి, పది సరుకులైనా పెట్టి ఉంచండి. అక్కడ మంచి పేరు రావడానికి కాలం పడుతుంది. మీ సరుకుకు సొంత పేరు పెట్టి, ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు చేసుకోండి. అంగడి మారినా ఆ పేరు మీ వెంటే వస్తుంది. కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు నేటి అంగళ్లు మీకు ఇవ్వవు. దొంగచాటుగా వాళ్లను మళ్లించబోతే ఖాతాయే మూసేస్తారు, ఆ దారికి పోకండి. మీ ఫొటోల అసలు ప్రతులు, సరుకు వివరాలు, కొన్నవాళ్లు రాసిన మెచ్చుకోళ్లు, పేమెంట్ లెక్కలు నెలకోసారి మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. రావలసిన డబ్బు చెప్పిన గడువు దాటిందంటే ఆ వారమే అడగండి. బిల్లులనైతే అసలు వదలకండి. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల వరకు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం చెబుతోంది. మీరు అమ్మిన అంగడి అప్పటికి ఉన్నా లేకపోయినా, ఆ పద్దులు చూపించాల్సింది మీరే.