కళింగ, కెలింగ్, క్లింగ్

పెద్ద ఇంగ్లీషు డిక్షనరీల్లో మన తెలుగువాళ్ళతో సంబంధం ఉన్న మాటలు కొన్ని ఉన్నాయి. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను, అందుకని అవి నాకు ముందు ఇంగ్లీషు మాటలుగానే తెలుసు. మీలో చాలామందిదీ ఇదే దారి కదా. మూడు మాటల చరిత్ర చెప్తాను. మొదటి రెండూ తేలిక. మూడోది సింగపూర్‌లో ఉన్న మనకు కొంచెం గుచ్చుకుంటుంది.

మొదటిది బాండికూట్. ఇది మన పందికొక్కే. హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 1886లో అచ్చయింది. ఈ మాట తెలుగుదని అందులో ఉంది. మనం ప అన్నప్పుడు గాలి వదలం. ఇంగ్లీషువాళ్ళు మాట మొదట్లో గాలి వదిలి పలుకుతారు. అందుకే మన ప వాళ్ళ చెవికి బ లాగా వినిపిస్తుంది. పళ్ళకు నాలుక తగిలించి పలికే మన ద వాళ్ళకు లేదు, డ అయింది. పలికేటప్పుడు మొదటి అక్షరం నొక్కాలి. తర్వాత ఈ పేరు ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉన్న ఒక చిన్న జంతువుకు కూడా పెట్టారు. దానికీ మన పందికొక్కుకీ చుట్టరికం లేదు.

రెండోది జెంటూ. పోర్చుగీసు వాళ్ళు క్రైస్తవులు కానివాళ్ళను పిలిచిన మాట నుంచి వచ్చింది. బెంగాల్‌లో దీనికి హిందువు అని అర్థం. 1776లో హాల్‌హెడ్ అచ్చు వేయించిన జెంటూ చట్టాల పుస్తకం హిందువుల గురించే. మద్రాసులో మాత్రం జెంటూ అంటే తెలుగువాడు, తెలుగు భాష. 1816లో క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం పేరులోనే, ఈ భాషను మామూలుగా జెంటూ అంటారని ఉంది. ఇప్పుడు ఈ మాట వెతికితే ముందు ఒక పెంగ్విన్ కనిపిస్తుంది!

ఇక మూడోది, క్లింగ్. గుడిలో ప్రసాదం పంచుతూ మాట్లాడుకునేటప్పుడు కూడా పెద్దవాళ్ళు ఈ మాట దగ్గర గొంతు తగ్గిస్తారు. ఇది తిట్టు. కానీ మొదట తిట్టు కాదు, ఒక దేశం పేరు. కళింగ అంటే మన శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నేల, ఒడిశాలో కొంత. శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం అనే పాత రేవు ఊరు ఈ రోజుకీ ఉంది. సముద్రం దాటి వచ్చిన వ్యాపారులను మలయ్ వాళ్ళు కెలింగ్ అన్నారు. పోను పోను తమిళులు, తెలుగువాళ్ళు, హిందువులు, ముస్లిములు, దక్షిణాది వాళ్ళందరూ కెలింగ్ అయ్యారు. ఇంగ్లీషువాళ్ళు మొదటి అచ్చును మింగేసి క్లింగ్ అన్నారు.

ఇక్కడ ఒక కథ బాగా తిరుగుతుంది. బ్రిటిష్ వాళ్ళు ఇండియా నుంచి తెచ్చిన ఖైదీల సంకెళ్ళు క్లింగ్ క్లింగ్ అని మోగేవి, అందుకే ఆ పేరు అని. నేను ఈ కథ ఒప్పుకోను. ఖైదీలు సింగపూర్‌కు వచ్చింది 1825లో. పోర్చుగీసు వాళ్ళు 1500ల్లోనే మలక్కాలో ఉన్న ఈ వ్యాపారుల గురించి ఇదే పేరుతో రాశారు. అప్పుడు వాళ్ళ కాళ్ళకు సంకెళ్ళు లేవు, చేతుల్లో బట్టల మూటలు ఉన్నాయి. పిల్లలకు సంకెళ్ళ కథ ఒక్కటే చెప్తే, మనవాళ్ళు ఇక్కడికి ఖైదీలుగానే వచ్చారని అనుకుంటారు.

రాఫెల్స్ ప్లేస్ దగ్గర క్లింగ్ స్ట్రీట్ ఉండేది. భారతీయులు అభ్యంతరం చెప్పాక, 1920ల మొదట్లో అది చూలియా స్ట్రీట్ అయింది. ఇప్పుడు అక్కడ ఓసీబీసీ బ్యాంకు భవనం ఉంది. చూలియా అన్నది చోళ నుంచి వచ్చిందంటారు. అదే నిజమైతే కళింగ పేరు తీసి చోళ పేరు పెట్టినట్టు!

పేరు మార్చడం సరైన పనే. మనుషుల మీద ఈ మాట వాడకండి, సరదాకి కూడా వద్దు. కానీ అర్థం తెలుసుకోండి. పెనాంగ్‌లో 1801 నాటి కపితాన్ కెలింగ్ మసీదు, మలక్కాలో కంపుంగ్ క్లింగ్ మసీదు ఇంకా పాత పేర్లతోనే ఉన్నాయి. అక్కడ బోర్డు చదివేటప్పుడు కెలింగ్‌లో మొదటి అచ్చును మన ఎ లాగా స్పష్టంగా పలకకూడదు. మలయ్ వాళ్ళు దాన్ని చాలా చిన్నగా, నోరు సగమే తెరిచి అంటారు.