కత్తెరా తనే, సూదీ తనే

బాక్టీరియానూ వైరస్‌లు వదలవు. అలాంటివాటిలో ఒకటైన పీ1 సంగతి 1951లో జుసెప్పే బెర్టానీ పరిశోధనతో బయటపడింది. ఇది ఇ.కొలై కణంలో దూరాక దాన్ని వెంటనే చంపనక్కర్లేదు. గుండ్రటి డీఎన్‌ఏగా మారి, ఓ మూల అద్దెకున్నట్టు ఉండిపోగలదు.

కణం రెండుగా చీలేటప్పుడే వస్తుంది చిక్కు. పీ1 ప్రతులు రెండూ అతుక్కుపోయి ఉంటే ఒక పిల్లకణానికే రెండూ పోతాయి, రెండోదానికి ఏమీ దక్కదు. ఆ ముడి విప్పడానికి వైరస్ తయారుచేసుకున్న ప్రోటీన్ పేరు క్రీ. అది కత్తిరించే చోటు లాక్స్‌పీ. మొత్తం 34 డీఎన్‌ఏ అక్షరాలు: అటూ ఇటూ 13 చొప్పున, నడుమ 8. దిక్కు చెప్పేవి ఆ ఎనిమిదే. రెండు లాక్స్‌పీలు ఒకే దిక్కుకు చూస్తుంటే క్రీ మధ్య ముక్కను తీసేసి కొసలు కుట్టేస్తుంది. ఎదురెదురుగా ఉంటే ముక్కను తిరగేస్తుంది.

1981లో నాట్ స్టెర్న్‌బర్గ్ బృందం దీన్ని వివరించినప్పుడు అది ఒక వైరస్ ఇంటి గొడవ, అంతే. డ్యూపాంట్ కంపెనీలో బ్రయాన్ సాయర్ ఆ కత్తెరను 1987లో ఈస్ట్‌లో, మరుసటి ఏడాది క్షీరద కణాల్లో పనిచేయించాడు. పేటెంట్ కంపెనీకి దక్కింది.

1994లో క్లాస్ రాయెవ్‌స్కీ బృందం క్రీతో ఎలుకల్లో డీఎన్‌ఏ పాలిమరేజ్ బీటా జన్యువును రోగనిరోధక టీ కణాల్లో మాత్రమే తొలగించింది. ఒళ్లంతా తీసేస్తే ఎలుక బతకదు మరి! ఆ తర్వాత క్రీ కావాలనని ల్యాబ్ అరుదు. కానీ డ్యూపాంట్ షరతులు పరిశోధకులకు మింగుడుపడలేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ బేరమాడి, 1998లో వాణిజ్యేతర పరిశోధనకు దారి తెరిపించింది. ప్రజల సొమ్ముతో సాగే పనికి ఆ మాత్రం సాధించడం న్యాయమే.

క్రీని కణంలోకి చేర్చే బండ్లలో ఒకటి కూడా వైరసే, ఏఏవీ. 1965లో అడినోవైరస్ నమూనాల్లో పిలవని పేరంటంగా కనిపించింది. లాక్స్‌పీ పెట్టిన ఎలుక మెదడులో కోరిన చోట దీన్ని సూదితో ఎక్కిస్తే అక్కడి కణాల్లోనే కత్తెర ఆడుతుంది. క్రీ జన్యువు దాదాపు 1,030 అక్షరాలు, ఏఏవీ మోయగలిగేది సుమారు 4,700. క్రీ ఎక్కిన కణాలను ఆకుపచ్చగా వెలిగించే ప్రోటీన్ జన్యువుకూ అందులో చోటుంటుంది.