చెంపకు చేరిన చెయ్యి

"బుగ్గన చెయ్యి పెట్టుకు కూర్చోకే, ఇంటికి అరిష్టం!" అని మన బామ్మలు కసురుకునేవారు, గుర్తుందా? అలా చెంపకు చెయ్యి చేర్చి కూర్చున్న ఒక పేదతల్లి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. తీసింది కూడా ఒక ఆడదే. పేరు డొరోతియా లాంగ్.

1895లో అమెరికాలో పుట్టింది. ఏడో ఏట పోలియో వచ్చి కుడికాలు దెబ్బతింది. జీవితమంతా కుంటుతూనే నడిచింది. శాన్ ఫ్రాన్సిస్కోలో స్టూడియో పెట్టి, కలిగినవాళ్ళ ఫొటోలు తీసి పేరు తెచ్చుకుంది. ఇంతలో 1929 ఆర్థికమాంద్యం వచ్చిపడింది. కిటికీలోంచి చూస్తే వీధినిండా పనిలేని మనుషులు. ఉండబట్టలేక కెమెరా పట్టుకుని కిందికి దిగింది. ధర్మరొట్టె కోసం గుమిగూడినవాళ్ళను 1933లో ఫొటో తీసింది. ఆ తర్వాత స్టూడియోలో ఆమె మనసు నిలవలేదు.

1935లో ప్రభుత్వం ఆమెను పల్లెపేదల ఫొటోలు తీసే ఉద్యోగంలోకి తీసుకుంది. 1936 మార్చిలో నెల్లాళ్ళ తిరుగుడు ముగించుకుని, వానలో కారు నడుపుకుంటూ ఇంటికి వస్తోంది. కాలిఫోర్నియాలో నిపోమో దగ్గర బఠాణీ కూలీల మకాం బోర్డు కనిపించింది. ఆగలేదు. 20 మైళ్ళు పోయాక మనసొప్పక కారు వెనక్కి తిప్పింది.

చలికి పంట పోయి, కూలీలు పస్తులుంటున్నారు. గుడారం కింద 32 ఏళ్ళ తల్లి. ఒళ్ళో పసిబిడ్డ, చెరో భుజాన మొహం దాచుకున్న ఇద్దరు పిల్లలు. డొరోతియా అక్కడున్నది పట్టుమని పది నిమిషాలే. ఆమె పేరైనా అడగలేదు!

ఫొటోలు పేపర్లో పడగానే ప్రభుత్వం ఆ మకాంకి 20,000 పౌండ్ల తిండి పంపింది. పాపం, అప్పటికే ఆ తల్లి పిల్లలతో మరో చోటికి వెళ్ళిపోయింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. దానివల్ల తనకు పైసా రాలేదనీ, అసలు తీయకుండా ఉంటేనే బాగుండేదనీ ఆవిడ బాధపడింది.

ఇంకో సంగతి. డొరోతియాకి ఇద్దరు కొడుకులు. పనిమీద ఊళ్ళు తిరిగేటప్పుడు వాళ్ళను డబ్బిచ్చి ఇతరుల ఇళ్ళలో ఉంచేది. పరుల పిల్లల ఆకలిని లోకానికి చూపించినావిడ తన పిల్లలకు దూరమైంది. తప్పంటారా? ఉద్యోగానికి వెళ్తూ గుమ్మంలో పిల్లాడి ఏడుపు విన్న ఏ తల్లీ ఆ మాట తొందరగా అనలేదు.

1942లో యుద్ధం పేరుతో జపాన్ సంతతివాళ్ళను నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడూ ప్రభుత్వం ఆమెనే పంపింది. ఆమె చూసింది చూసినట్టు తీసింది. దాంతో సైన్యం ఆ ఫొటోల్ని యుద్ధం ముగిసేదాకా బయటికి రానివ్వలేదు. 1965లో ఆమె కన్నుమూసింది.

ఈసారి పేపర్లో ఏ వరదబాధితురాలి ఫొటో అయినా చూస్తే, కింద ఆమె పేరుందేమో చూడండి. అన్నంతోపాటు ఆ పేరు కూడా ఆమెకు మనం బాకీయే.