శునక సంతతి – మానవ ధర్మము



కుక్క మన వాకిట ఎన్నడు చేరినదో చెప్పుట కష్టము గాని, దానియెడ మన ధర్మమేమి యను ప్రశ్న మన భారతమునకు మొదటనే యున్నది. జనమేజయుని తమ్ములు యజ్ఞవాటికకు వచ్చిన కుక్కపిల్లను నిష్కారణముగా కొట్టిరి. దాని తల్లి సరమ రాజు నొద్దకు వచ్చి, తన బిడ్డకు జరిగిన యన్యాయము నెఱిగించి, అతనికి తలంపని భయము గలుగునని శపించి పోయినది. ఆ భారతమునకు తుదియందు ధర్మరాజు తన వెంట నడచిన కుక్కను విడిచి దేవరథ మెక్కనొల్లడు. ఈ రెండు కథలలోని ధర్మ మొక్కటియే: ఆశ్రయించిన ప్రాణికి మనము బాధ్యులము.

ఇక చరిత్రకు వత్తము. మన మార్కాపురము తాలూకా 1970 వఱకు కర్నూలు జిల్లాలోనిది. ఆ జిల్లాలో పత్తికొండ ప్రాంతమున ఎఱ్ఱగుడి కడ అశోకుని శిలాశాసనములు కలవు. వానిలో రెండవది, మనుష్యులకు వలెనే పశువులకును చికిత్స ఏర్పఱచినట్లు చెప్పుచున్నది. 12వ శతాబ్దమున చాళుక్య సోమేశ్వరుడు తన మానసోల్లాసమున సారమేయ వినోదమున కొక ప్రకరణమునే కేటాయించెను. కుక్క నాడే రాజుల వేడుకలలో చేరినదని దీనివలన తెలియుచున్నది.

సామాన్యుల యిండ్లలో మాత్రము కుక్క పనికొఱకే పెరిగెను. నల్లమల చెంచునకు అది వేటతోడు. గొఱ్ఱెలకాపరికి రాత్రి కావలి. కొల్లేటి ప్రాంతమున జోనంగి బాతుల మందలను తోలునది. అట్టి యింట కుక్క ఈనినచో ఒకటి రెండు పిల్లలు నిలుచును. తక్కినవానిని ఇరుగుపొరుగువారు కొనిపోవుదురు. పుట్టిన కుక్కకు పని యుండెను. పని చేసిన కుక్కకు కూడు పెట్టు చేయి యుండెను.

అందమునకై, అమ్మకమునకై కుక్కలను పుట్టించు వాడుక ప్రబలినది 19వ శతాబ్దమున. ఇంగ్లండులోని న్యూకాసిలు పట్టణమున 1859లో కుక్కల ప్రదర్శన జరిగెను. మఱుసటి యేడే, 1860లో, మేరీ టీల్బీ యను నామె లండనులో దిక్కులేని కుక్కలకు శరణాలయము తెఱచెను. ఒకవంక అందమునకు బహుమానము, వేఱొకవంక ఆకలికి ఆశ్రయము: ఈ రెండును తోబుట్టువులవలె పుట్టినవి.

మన దేశమున పాలకులు పట్టినది మఱియొక మార్గము. 1832లో బొంబాయి ప్రభుత్వము కుక్కకు ఎనిమిదణాల చొప్పున బహుమాన మిచ్చి చంపింపగా పార్సీలు తిరుగబడిరి. మదరాసు నగరపాలకులు 1860లో వీథికుక్కలను చంపించుట మొదలిడిరి. నూటముప్పదియాఱేండ్లు చంపిన పిమ్మట, 1996లో, దినమునకు 135 కుక్కలు చచ్చుచుండెను! కారణము సులభము. కుప్పతొట్టిలో కూడున్నంత వఱకు, చచ్చినదాని చోటికి మఱియొకటి వచ్చును; మిగిలినవి ఈనుచునే యుండును. 1959లో స్థాపితమైన బ్లూక్రాసు సంస్థవారు, చంపుట మాని శస్త్రచికిత్సతో సంతానము నిలుపుడని ఏండ్ల తరబడి చెప్పుచు రాగా, 1996లో నగరపాలకు లంగీకరించిరి. 2001లో కేంద్ర నిబంధనలు దానినే దేశమంతటికిని విధిగా జేసినవి.

అయినను కష్టము తీఱలేదు. 2019 పశుగణనమున దేశములో దిక్కులేని కుక్కలు సుమారు 1 కోటి 53 లక్షలు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబరుపేటలో కుక్కలు మీదబడి నాలుగేండ్ల బాలుడు మరణించెను. ఆ తల్లిదండ్రుల దుఃఖము నెఱిగినవాడు కుక్కల పక్షమున తేలికమాట లాడజాలడు. 2025 నవంబరులో సుప్రీముకోర్టు బడులనుండి, ఆసుపత్రులనుండి, బస్సు స్టాండులనుండి కుక్కలను తొలగించి శరణాలయములకు చేర్పుమని యాజ్ఞాపించెను. చేర్చుటకు చోటెక్కడ? పెక్కు చిన్న ఊళ్లలో శరణాలయము వీథియే.

ఇట్టి కాలమున వెలకై కుక్కలను పుట్టించుట ధర్మమా? వ్యాపారులు చెప్పునది కొంత నిజము: వీథికుక్కలలో నధికభాగము ఊరకుక్కల సంతానమే, కొన్న కుక్కలు కావు. కాని కుక్కను చేరదీయు ఇండ్లు పరిమితములు. వేల రూపాయలకు కొన్న పిల్ల యొక యింట జేరినచో, ఆశ్రయమునకై కాచుకొన్న మఱియొకటి ఆ యిల్లు కోల్పోవును. ఈని ఈని ముసలిదైన తల్లి, వెలపోని పిల్ల, మోజు తీఱిన పెంపుడుకుక్క, ఇవి యన్నియు తుదకు జేరునది ఆ శరణాలయపు తలుపునకే. 2003లో ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో పగ్గు జాతి కుక్క పిల్లవాని వెంట నడచినది. ఎందఱో దానిని కోరిరి. చప్పిడిముక్కు గల యా ప్రాణి మన యర్రగొండపాలెపు వేసవిలో ఊపిరాడక పడు బాధ ప్రకటనలో కనబడలేదు.

2016లో ప్రభుత్వము వ్యాపారార్థము విదేశీ కుక్కల దిగుమతి నిషేధించెను. 2017 నిబంధనల ప్రకారము పెంపకందారులు నమోదు కావలయును; 18 మాసములు నిండని యాడుకుక్కను ఈతకు బెట్టరాదు; 8 వారములు నిండని పిల్ల నమ్మరాదు. ఇవి మంచివి, కాని చాలవు. ఈనిన పిల్లకు ఇల్లున్నదా యను ప్రశ్నకు చట్టమున జవాబు లేదు.

మఱి దేశవాళి జాతులు నశింపవా యని యడుగువారు కలరు. ఇది విలువగల ప్రశ్న. తెలుగు రాజులు స్థిరపడిన తమిళనాటి రాజపాళయపు జాగిలముపై 2005లో తపాలబిళ్ల వెలువడెను. అట్టి జాతిని నిలుపుట మంచిదే. కాని తెలుపు చెడరాదని దగ్గఱి రక్తమునే కలుపుచు రాగా, ఆ జాతిలో చెవుడు తఱచైనది. వన్నెకొఱకు చెవిని బలిపెట్టుట జాతిరక్షణము కాదు.

కావున నా మనవి యిది. ఈతకు ముందే ప్రతి పిల్లకును ఇల్లు నిశ్చయమై యుండవలయును. తల్లిదండ్రుల యారోగ్యము అందముకంటె ముందు చూడవలయును. కొన్నవాడు పెంపలేనన్న నాడు అమ్మినవాడు మరల తీసికొనవలయును. ఈ మూటికి నొప్పుకొనని వాడు పుట్టించుట మానవలయును. కొనదలచినవారు ముందుగా వీథిలోని పిల్ల నొకదానిని చూడుడు. దానికి టీకా వేయించి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించి యింట నుంచుకొనుడు. వెల లేనంత మాత్రమున దాని విశ్వాసమునకు కొఱత లేదు.