కట్టు కట్టడమా, కడతేర్చడమా?



చిత్తూరు నుండి తిరుపతికి పోయే బాట మీద జీవాల మంద దాటుతున్నదనుకొందాం. లారీ వచ్చి ఒక గొర్రెను కొట్టిపోయింది. గొర్రె లేవలేదు. పదిమంది గుమిగూడారు. “కట్టు కట్టండి, బతుకుతుంది” అన్నాడొకడు. “కసాయికి తోలితే నాలుగు డబ్బులైనా వస్తాయి” అన్నాడింకొకడు. “చంపిన పాపం మనకెందుకు? దాని రాత ఎట్లుంటే అట్లవుతుంది” అన్నాడు మరొకడు. చెప్పినవాళ్లు చెప్పి వెళ్లిపోయారు. మిగిలింది నోరులేని జీవం, దాని కాపరి, ఎండ, ఈగలు, కాకులు.

ఈ చిక్కు మనకు కొత్తది కాదు. మనకు ముందువారు దీనిని ఎట్లా విడదీశారో తెలుసుకొంటే, రేపు మన మంద కాడ మన చేయి తడబడదు.

మొదట మన సీమ సంగతే చూద్దాం. పుత్తూరు కట్టు పేరు విననివారు ఈ ప్రాంతంలో ఉండరు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలు - వీటితో విరిగిన ఎముకకు కట్టు వేసే ఈ విద్య తరతరాలుగా పుత్తూరు దగ్గర ఒక వంశంలో వస్తున్నది. ఆ విద్య పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. ఆ వంశపు పెద్ద ఒకరు వేటకు పోయి, పడిన కుందేలును ఏవో ఆకుల్లో చుట్టి తెచ్చారట. ఇంటికి వచ్చి విప్పి చూస్తే దాని విరిగిన ఎముకలు అతుక్కొని ఉన్నాయట. కథను కథగానే తీసుకొందాం. అయినా అందులో ఒక బుద్ధి ఉన్నది: ఎముక విరిగినంత మాత్రాన ఆశ వదలరాదు. గొర్రె, మేక తేలిక జీవాలు. మూడు కాళ్ల మీద నిలువగలవు. కాలి ఎముక విరిగితే సరియైన కట్టుతో పిల్లలకు 3, 4 వారాల్లో, పెద్దవాటికి 6 వారాల దాకా పట్టి అతుక్కొనడం మామూలే. కాలు వేలాడుతున్నదని కత్తి తీయడం తొందరపాటు.

అయితే కట్టుకు లొంగని దెబ్బలు కూడా ఉన్నాయి. వాటి సంగతి ఎవరు తేల్చాలి? 1890లో తెల్లదొరల ప్రభుత్వం జంతుహింస నివారణకు ఒక చట్టం చేసింది. హింసకు గురైన జంతువు బాధ భరింపరానిదిగా తోస్తే, దానిని వెంటనే కడతేర్చమని మేజిస్ట్రేటు గాని, పోలీసు కమిషనరు గాని, జిల్లా పోలీసు సూపరింటెండెంటు గాని ఆజ్ఞ ఇవ్వవచ్చునని అందులో వ్రాశారు. తీర్పు అధికారి చేతిలో ఉండిపోయింది. పల్లెలో కాపరికి ఆ అధికారి కనబడేదెప్పుడు?

ఆ తర్వాత 1928లో ఈ ప్రశ్న దేశమంతటినీ కదిలించింది. సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ అవిటిదై పడిపోయింది. వైద్యం చేయించారు. ఇక లాభం లేదని వైద్యుడు తేల్చాడు. పక్కకు ఒత్తిగిలడానికి కూడా దానికి ప్రాణం పోయినంత పని అవుతున్నది. గాంధీజీ ఆశ్రమవాసులతో చర్చించారు. ఒప్పుకోనివారూ ఉన్నారు. చివరకు వైద్యుని చేత సూదిమందు వేయించి దాని బాధ తీర్చారు. అహింస బోధించేవాడు దూడను చంపించాడని దేశం నలుమూలల నుండీ కోపంతో ఉత్తరాలు వచ్చి పడ్డాయి. ఆయన దాచలేదు. ‘యంగ్ ఇండియా’ పత్రికలో తానే వ్రాసి జవాబు చెప్పారు. అటువంటి పనికి నాలుగు షరతులు కూడా పెట్టారు: రోగం కుదిరేది కాకూడదు, సంబంధించిన వారందరూ ఆశ వదలుకొని ఉండాలి, ఏ సేవా పనికిరాని స్థితి కావాలి, ఆ ప్రాణి తన కోరిక తాను చెప్పలేనిదై ఉండాలి. ఈ నాలుగూ కలిసినప్పుడే ఆ పని దయ అవుతుందని ఆయన భావం.

స్వరాజ్యం వచ్చిన తర్వాత, మద్రాసులో కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలై, 1953లో జంతుహింస నివారణ బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని హామీ ఇవ్వగా ఆమె దానిని ఉపసంహరించుకొన్నారు. 1960లో చట్టం వచ్చింది. మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ ఈ చట్టంలో జంతువే. కోడిపెట్ట కూడా లెక్కలోకి వస్తుంది. 13వ సెక్షను చూడండి. కదిలిస్తేనే హింస అయ్యేంతగా దెబ్బతిన్న జంతువు కనబడి, యజమాని లేకపోయినా, ఒప్పుకోకపోయినా, కానిస్టేబులు కంటె పైస్థాయి పోలీసు అధికారి ఆ ప్రాంతపు పశువైద్యాధికారిని పిలిపించవచ్చును. బతికించి ఉంచడమే క్రూరమని వైద్యుడు ధ్రువపరిస్తే, మేజిస్ట్రేటు ఆజ్ఞ పొంది కడతేర్చవచ్చును. వీధికుక్కల విషయంలో 2001లో, 2023లో వచ్చిన నిబంధనలు కూడా, కుదరని జబ్బు, ప్రాణాంతకమైన గాయం ఉన్నవాటిని పరీక్షించి తేల్చిన మీదట, పశువైద్యుడే నొప్పి లేకుండా కడతేర్చాలని చెబుతున్నవి.

మరి ఆ వైద్యుడు ఎక్కడ నుండి రావాలి? 1903లో మద్రాసులో పశువైద్య కళాశాల పెట్టారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకు, 1955లో, మన తిరుపతిలోనే పశువైద్య కళాశాల వెలసింది. 1964లో అది వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరింది. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఒకనాడు దొర దయ మీద ఆధారపడిన తీర్పు నేడు చదువుకొన్న వైద్యుని చేతికి, మన ఊరి దాపుకు వచ్చింది. దానిని వాడుకోవడం మన వంతు.

కాబట్టి జీవానికి దెబ్బ తగిలితే ముందు దానిని నీడకు చేర్చండి. ఎత్తేటప్పుడు కాళ్లు పట్టి ఈడ్వకుండా గోనెపట్టా మీదనో, పలక మీదనో పడుకోబెట్టండి. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. ఎముక బయటికి వస్తే లోపలికి నెట్టవద్దు. 1962 నంబరుకు ఫోను చేయండి, లేదా దగ్గరి పశువైద్యశాలకు కబురంపండి. వెనుక కాళ్లకు స్పర్శ ఉన్నదా, మేత ముడుతున్నదా, మూత్రం పోస్తున్నదా - ఇవి గమనించి వైద్యునికి చెప్పండి. బీమా ఉన్న జీవమైతే బీమావారికి కూడా వెంటనే తెలపండి.

బతకదని వైద్యుడు తేలిస్తే జాగు చేయవద్దు. ఆ స్థితిలో దానిని ఆటోలో కుక్కి సంతకు తోలడం మరొక హింస. బాధ కలిగేటట్లు తరలించడం చట్టప్రకారం నేరం కూడాను. సూదిమందుతో పోయిన జీవి మాంసం మనుషులు తినరాదు. కుక్కలకు, రాబందులకు వేసినా వాటి ప్రాణానికి ముప్పే. బావులకు, వంకలకు దూరంగా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.

చంపిన పాపం మనకెందుకని తొలగిపోయేవానికి ఒక్క మాట. బాట పక్కన మూడు రోజులు చీమలు పట్టి పోయిన జీవి బాధ కూడా ఎవరో ఒకరి ఖాతాలో పడవలసిందే. మేపినవాడే దాని తరఫున మాట్లాడాలి. బతికేదానికి కట్టు, బతకనిదానికి వేళకు విముక్తి - ఈ రెండూ కాపరి చేయవలసిన సేవలే.